గోంగూర పండలేదు

ముందే చెప్తున్నా, తప్పు నాదే. కానీ మొత్తం నాది కాదు.

మల్కాజ్‌గిరిలో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద నావి తొమ్మిది కుండీలు, రెండు పాత డ్రమ్ములు. నాలుగు వానలు పడేసరికి గోంగూర ఆపలేనంతగా పెరిగింది. పప్పు, పచ్చడి, పులుసు, చివరికి మటన్‌లోకి కూడా అయ్యాయి. మూడో వారం మా వాడు కంచం ముందు కూర్చుని దండం పెట్టాడు. నా చేతిలో కట్టలు కనిపిస్తే పక్క ఫ్లాట్లవాళ్లు లిఫ్ట్ మానేసి మెట్లెక్కుతున్నారు. ఇక ఫ్రీజరే దిక్కు అనుకున్నా.

పద్ధతిగానే చేశాను. ఆకుని మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, వెంటనే ఐసు నీళ్లలో ముంచి, గట్టిగా పిండాను. ఆ వేడి చూపించకపోతే ఫ్రీజర్‌లో ఉన్నా ఆకులోని ఎంజైములు మెల్లగా పని చేసి రంగూ రుచీ పాడుచేస్తాయి. వాడేటప్పుడు సులువుగా ఉంటుందని మిక్సీలో తిప్పి, ముద్దలు చేసి, కవర్లలో కట్టాను. పాలకూరైతే ఇంత చేశాక కూడా పచ్చగా కళకళలాడుతుంది. గోంగూర అలా కాదు. వేడి తగలగానే దాని పులుపే దాని పచ్చదనాన్ని తినేస్తుంది. చెరువు గట్టున ఎండిన నాచు రంగు తేలింది. కవర్ల మీద పేరూ తేదీ రాయాలని మార్కర్ కోసం లేచాను కూడా. ఇంతలో బెల్ మోగింది. ఎవరో ఫ్లాట్ నంబరు తప్పి వచ్చారు. పేర్లు అలాగే ఉండిపోయాయి.

అదే ఫ్రీజర్‌లో, అలాంటి కవర్లలోనే, మా అత్తయ్య ఆషాఢం కోసం నూరి దాచిన గోరింటాకు ముద్దలు రెండున్నాయి. వాటి రంగు వేరే చెప్పాలా!

ఇక మా అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు. నెలకోసారి పట్టపగలు టార్చిలైటు పట్టుకుని నా కుండీల మధ్య లీకేజీ వెతుకుతారు. నీళ్లు కారేది మెట్ల దగ్గర. నా కుండీలు ఆ చివర, ట్యాంకు పక్కన. మొన్న శనివారం సాయంత్రం వాళ్లావిడ వచ్చింది. "రేపు లష్కర్ బోనాలు, ఇంటినిండా చుట్టాలు. గోరింటాకు ఏమన్నా ఉందా అక్కా?" అంది. కుండీల గొడవ చల్లబడుతుందన్న ఆశ. అడిగింది ఒక ముద్ద, ఇచ్చింది రెండు.

ఎనిమిదింటికి టీకి పిలిస్తే వెళ్లాను. హాల్లో ఆరుగురు ఆడవాళ్లు, పన్నెండు చేతులు. అరచేతుల్లో చందమామలు, వేళ్లకి టోపీలు. ఎవరూ చెయ్యి కదపడానికి లేదు. ఒకావిడకి ముక్కు దురద. ఇంకొకావిడ ఫోన్ మోగుతోంది. మీటింగుల్లో ఎవరి మాటా చెవిన వేసుకోని సెక్రటరీగారు ఒక్కొక్కరి నోటికీ టీ కప్పు అందిస్తున్నారు, మధ్యలో పరిగెత్తుకెళ్లి వాళ్ల వదినగారి చెవి దగ్గర ఫోన్ పట్టుకుంటున్నారు. ఆ దృశ్యం చూడ్డానికి ఇంకో పది కట్టల గోంగూరైనా ఇచ్చేదాన్ని.

"పుల్లటి వాసన వస్తోంది కదూ?" అంది ఒకావిడ.

"చింతపండు కలిపి ఉంటారు. ఇక చూడు, ఎంత ఎర్రగా పండుతుందో!" అంది ఇంకొకావిడ.

అందరూ నన్ను మెచ్చుకోలుగా చూశారు. నా గుండె జారింది. మా అత్తయ్య గోరింటాకులో చింతపండు వెయ్యదు. అప్పుడే చెప్పేయొచ్చు. చెప్పలేదు. బిస్కెట్ తీసుకున్నాను.

ఇంకో గంట గడిచింది. చేతులు కడుక్కున్నారు. ఎరుపు లేదు సరికదా, ఎప్పటికంటే శుభ్రంగా ఉన్నాయి. ఒకావిడ వేలికున్న రాగి ఉంగరం మాత్రం కొత్తదానిలా మెరిసిపోతోంది. అప్పుడు ఎవరో అననే అన్నారు, "మొగుడికి ఎంత ప్రేముంటే అంత ఎర్రగా పండుతుందట" అని. ఆరుగురూ తలలు తిప్పి సెక్రటరీగారినే చూశారు. మిగతా అయిదుగురి మొగుళ్లు అక్కడ లేరు మరి! రెండు చేతుల్లో ఎంగిలి కప్పులతో ఆయన అలాగే నిలబడిపోయారు. జాలి పడబోయాను. టార్చిలైటు గుర్తొచ్చి మానేశాను.

వాళ్లమ్మగారు, ఎనభై ఏళ్ల మనిషి, గిన్నె అంచుకి మిగిలినది వేలితో తీసి వాసన చూసింది. నాలిక్కి రాసుకుంది.

"ఇది పుంటికూర బిడ్డా. ఉప్పు పడలే."

తర్వాత ఇంటికెలా వచ్చానో తెలీదు.

ఇవాళ పొద్దున్న గ్రూపులో మెసేజ్: లీకేజీ కారణంగా టెర్రస్ మీది కుండీలన్నీ ఆదివారంలోగా తీసేయాలి. అన్నీ అంటే, పైన ఉన్నవి నావే. సరేనని బొటనవేలి బొమ్మ పెడుతుంటే వంటింట్లోంచి మా ఆయన కేక.

"పప్పులోకి ఈ ముద్దల్లో ఏది తియ్యమంటావ్?"