సైకోపాత్ అనే ముందు ఆ కొలబద్దను చూడండి

ఈమధ్య బ్రేకప్ అయితే చాలు, ‘మీ ఎక్స్ సైకోపాత్ అని చెప్పే లక్షణాలు’ అంటూ ఒక రీల్. కింద కామెంట్లలో రెండు జట్లు. మగాళ్లంతా ఇంతేనని ఒకరు, అసలు సైకోలు ఆడవాళ్లేనని ఇంకొకరు. ఫోన్ ఎత్తకపోతే సైకోపాత్, బ్లాక్ చేస్తే సైకోపాత్! అయ్యా, ఫోన్ ఎత్తనివాడు పిరికివాడు కావచ్చు, మీరంటే ఇష్టం పోయినవాడూ కావచ్చు.

సైకోపాత్ అంటే జాలి, పశ్చాత్తాపం లేకుండా ఎదుటివాళ్లను వాడుకునే మనిషి. అసలు దీన్ని ఎలా కొలుస్తారో చూడండి. కెనడా సైకాలజిస్టు రాబర్ట్ హేర్ తయారుచేసిన పీసీఎల్-ఆర్ అనే చెక్‌లిస్టులో 20 అంశాలుంటాయి. ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు, మొత్తం 40. ఉత్తర అమెరికాలో 30 వస్తే సైకోపాత్ అంటారు, బ్రిటన్‌లో 25కే అనేస్తారు. శిక్షణ ఉన్నవాళ్లు గంటన్నర, రెండు గంటలు మాట్లాడి, కేసు ఫైళ్లు, పాత రికార్డులు కూడా తిరగేశాకే మార్కులు వేస్తారు. అలవోకగా అబద్ధాలాడటం ఆ 20లో ఒకటి మరి, మనిషి మాట ఒక్కదాన్నే నమ్మితే ఎలా? అలాంటిది రెండు నిమిషాల ఆన్‌లైన్ క్విజ్‌లో మీ బాయ్‌ఫ్రెండ్ తరఫున మీరే టిక్కులు పెట్టేస్తే దానికి విలువేముంటుంది?

ఇక ఆడా మగా లెక్క. సగటున మగాళ్లకే ఎక్కువ మార్కులు వస్తాయి. తేడా ఉన్న మాట నిజమే. కానీ ఆ కొలబద్ద ప్రధానంగా మగ ఖైదీల మీద తయారైంది. కొట్లాటలు, కేసులు, చిన్నప్పటి నేరాలు అందులో సులువుగా దొరుకుతాయి. బంధువుల్లో చాడీలు చెప్పి ఒకరి పరువు తీయడం, ఏడుపుతో డబ్బు గుంజడం, ‘చచ్చిపోతా’నని బెదిరించి ఇంట్లో కట్టిపడేయడం అంత తేలిగ్గా దొరకవు. ఆ 20లో ఒకటైన విచ్చలవిడి సంబంధాలన్న అంశం మీద ఫొరూజాన్, కుక్ అనే పరిశోధకులు 2005లోనే ఒక మాటన్నారు. పైకి ఒకేలా కనిపించే ప్రవర్తన వెనుక మగవాళ్లలో థ్రిల్ ఉండొచ్చు, ఆడవాళ్లలో ఎదుటివాణ్ని వాడుకునే లెక్క ఉండొచ్చు. మార్కు మాత్రం ఒకటే పడుతుంది.

నాకు ఒళ్లు మండేది ఇంకో అంశం మీద. ‘కొద్దికాలం సాగిన కాపురాలు చాలా ఉండటం’. విడాకులు అరుదైన మన ఊళ్లలో ఇది ఎవరిని పట్టుకుంటుంది? ఒకే పెళ్లి చేసుకుని, పెళ్లాం బంగారం తాకట్టు పెట్టి, పుట్టింటికి ఫోన్ కూడా చెయ్యనివ్వకుండా 20 ఏళ్లు పీల్చి పిప్పి చేసిన పెద్దమనిషికి అక్కడ పడేది సున్నా.

ముద్ర వేసేవాళ్ల పక్షపాతం వేరే. 1989లో ఫోర్డ్, విడిగర్ సైకాలజిస్టులకు కేసు వివరాలిచ్చి, రోగి ఆడా మగా అన్నది మాత్రం మార్చి చూశారు. సంఘవ్యతిరేక లక్షణాలున్న కేసులో కూడా, ఆడమనిషి అనగానే చాలామంది హిస్ట్రియానిక్, అంటే అందరి దృష్టీ తనమీదే ఉండాలని అతిగా ప్రవర్తించే వ్యక్తిత్వ సమస్య వైపు మొగ్గారు. దీనికి రివర్స్ కూడా జరుగుతుంది. వదిలేస్తారేమోనన్న భయంతో అల్లాడిపోయే, బోర్డర్‌లైన్ అనే వ్యక్తిత్వ సమస్య ఉన్న అమ్మాయిని ‘సైకో’ అనేస్తారు. ఆ అమ్మాయి అరిచాక కుమిలిపోతుంది. ఆ సమస్యకు డీబీటీ అనే మంచి మాటల చికిత్స ఉంది, ఉద్వేగాలను అదుపు చేసుకోవడం నేర్పుతారు. సైకోపతీలో ఆ కుమిలిపోవడమే ఉండదు, దొరికిపోయానన్న చిరాకు తప్ప.

కాబట్టి పేరు సంగతి పక్కనపెట్టి, నడవడిక చూడండి. మొదట్లో మాటలు తేనెలా ఉంటాయి, అది లెక్కలోకి రాదు. దొరికిపోయిన తర్వాత చూడాలి. క్షమించమని కాళ్లావేళ్లా పడ్డాక, మీ దగ్గర తీసుకున్న డబ్బు తిరిగొచ్చిందా? అబద్ధం చెప్పిన మూడో మనిషి దగ్గరకెళ్లి నిజం ఒప్పుకున్నారా? లేక వారం తిరక్కుండా తప్పు మీదే అయిందా? సంబంధం చూసేటప్పుడు మనవాళ్లు జీతం, పొలం, మందు అలవాటు వాకబు చేస్తారు. పాత ఉద్యోగాలు ఎందుకు మానేశారో, ఎవరికి బాకీ ఉన్నారో, అయిదేళ్లకు పైబడిన స్నేహితులు ఒక్కరైనా ఉన్నారో అడగరు. అమ్మాయి విషయంలోనూ అడగాల్సింది ఇదే. వంట వచ్చా అని కాదు.

బెదిరింపులు, కొట్టడం ఉన్నచోట ఇద్దర్నీ కూర్చోబెట్టి కౌన్సెలింగ్ చేయించే పెద్దలకు దండం. అక్కడ భయపడే మనిషి నిజం చెప్తే ఆ రాత్రి ఇంట్లో దానికి శిక్ష పడుతుంది. చెప్పకపోతే కౌన్సెలర్ ‘ఇద్దరూ సర్దుకోండి’ అంటారు. పైగా ఏ మాటకు ఈ మనిషి కరిగిపోతుందో అవతలివాళ్లకు అక్కడే తెలిసిపోతుంది. ముందు విడివిడిగా కలవాలి.

వెళ్లిపోవాలని తేల్చుకున్నవాళ్లు ఆ సంగతి ముందుగా ప్రకటించొద్దు. సర్టిఫికెట్లు, ఆధార్, పాస్‌బుక్ నమ్మకమైన వాళ్లింట్లో పెట్టండి. మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి, మీ ఖాతాలు ఇంకే ఫోన్లో తెరిచి ఉన్నాయో చూసి లాగౌట్ చేయండి. బెదిరింపు మెసేజీలు కోపంలో డిలీట్ చేయకుండా తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఇంకొకరికి పంపండి. ఆడవాళ్లకు 181 హెల్ప్‌లైన్ ఉంది. మనసు బాగోలేకపోతే మగవాళ్లయినా ఆడవాళ్లయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.