కప్లర్ అరిగితే మిక్సీని పారవేయాలా?

గత నెలలో మా మిక్సీ మొరాయించింది. మోటారు తిరుగుతున్న శబ్దం బాగానే వస్తోంది గానీ, జారులో బ్లేడు కదలడం లేదు. కంపెనీ సర్వీస్ సెంటరుకు తీసుకువెళితే, అక్కడి కుర్రవాడు జారు ఎత్తి చూడకుండానే "ఈ మోడల్‌కు పార్టులు రావడం లేదు సార్, ఎక్స్‌చేంజిలో కొత్తది తీసుకోండి" అన్నాడు. అదే మిక్సీని మా వీధి చివర గ్యాస్ స్టవ్వులు, కుక్కర్లు బాగుచేసే కొట్టుకు పట్టుకుపోయాను. అక్కడి పెద్దాయన మోటారు మీద పళ్ళచక్రంలా ఉండి జారులోని బ్లేడును తిప్పే ముక్కను బొటనవేలితో ఒకసారి తడిమి, "కప్లర్ అరిగింది బాబూ, అంతే" అన్నాడు. మిక్సీని తిరగేసి, కింది నుంచి స్క్రూడ్రైవరుతో ఇరుసు కదలకుండా పట్టి, మామూలు మరలకు భిన్నంగా కప్లర్‌ను కుడివైపుకు తిప్పి ఊడదీశాడు. కొత్తది బిగించి 120 రూపాయలు తీసుకున్నాడు.

బ్లేడు ఎక్కడైనా బిగుసుకుపోతే మోటారు కాలిపోకుండా ముందుగా తానే అరిగి, విరిగి, మోటారును కాపాడవలసిన భాగం కప్లర్. అంటే అరగడమే దాని ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని అది సక్రమంగా చేసినందుకు మొత్తం యంత్రాన్నే వదిలించుకోమని నాకు సలహా దొరికింది. (మిక్సీ అడుగున ఎర్రటి ఓవర్‌లోడ్ మీట ఒకటి ఉంటుందనీ, అది నొక్కితే మళ్ళీ తిరిగే మిక్సీలనే కొందరు మోసుకొస్తుంటారనీ పెద్దాయన నవ్వుతూ చెప్పాడు. లోగడ నేనూ ఆ పని చేశానని ఆయనకు చెప్పలేదు.)

జనానికి ఓపిక నశించింది కాబట్టే రిపేర్లు పోయాయని తరచుగా అంటుంటారు. ఓపికతో వెళ్ళినవాడికి కూడా తలుపు మూసి ఉన్నప్పుడు ఆ మాట అన్యాయం. ఒకప్పుడు ఫోను వెనక మూత గోటితో తీసి బ్యాటరీ మార్చుకునేవాళ్ళం. ఇప్పుడు దానిని జిగురుతో అతికించి అమ్ముతున్నారు. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 24న, కొన్న వస్తువులను బాగుచేయించుకోవడానికి కావలసిన సమాచారాన్ని ఒకచోట ఉంచే రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్‌ను ప్రారంభించి, వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలను అందులో చేర్చింది. మంచిదే. అయితే పోర్టల్‌లో సమాచారం కనిపించడం వేరు, కౌంటరు దగ్గర విడిభాగం చేతికి రావడం వేరు. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి ఫోన్లు, లాప్‌టాప్‌ల వంటి వాటిని బాగుచేయడం ఎంత సులువో పదికి ఇన్ని మార్కులని కొనేవాడికి ముందే చూపించడం మొదలుపెట్టారు. ఆ అంకె నా మిక్సీ మీద ఉండి ఉంటే ఎంత ఉండేదో చూడాలని నాకు నిజంగానే ఉంది.

కంపెనీలను తిట్టడం వరకు నాకు హాయిగానే ఉంది. బట్టల దగ్గరికి వచ్చేసరికి నోరు పడిపోతుంది, ఎందుకంటే చిరిగిన చీరను కుట్టించుకోవద్దని ఏ కంపెనీ మనకు అడ్డుపడలేదు. మా నాన్నగారి చొక్కా కాలరు అరిగితే దర్జీ దానిని విప్పి, తిరగేసి కుట్టి ఇచ్చేవాడు. ఆ చొక్కాతోనే ఆయన మరో రెండేళ్ళు ఆఫీసుకు వెళ్ళేవారు. చిరుగుకు మాసిక వేసేవారు, పాత చీరలను మడతలు పేర్చి బొంత కుట్టేవారు. ఇప్పుడు "అతుకుల బొంత" అనే మాట సంకీర్ణ ప్రభుత్వాలను ఎత్తిపొడవడానికి తప్ప ఎక్కడా వినబడదు. దర్జీ దుకాణానికి వెళితే "ఆల్టరేషన్లు తీసుకోబడవు" అని బోర్డు కనిపిస్తుంది. అతనినీ తప్పు పట్టలేను. జాకెట్టు కుడితే వందల్లో కూలి వచ్చేచోట, అరగంట కూర్చుని పాత కుట్లు విప్పే పనికి మనం ముప్పయి రూపాయలు ఇచ్చి, అదీ ఎక్కువేనని మొహం పెడతాం.

కొత్తదాని ధరలో సగం దాటితే రిపేరు దండగని మనందరికీ ఒక లెక్క ఉంది. ఆ లెక్కే తప్పని నా అభిప్రాయం. కొత్త వస్తువు వెనుక ఫ్యాక్టరీలో నిమిషాల పని ఉంటుంది, బాగుచేసిన వస్తువు వెనుక ఒక మనిషి గంటల పని ఉంటుంది. ఈ రెంటినీ ఒకే త్రాసులో పెట్టి, పనివాడి కూలి కొత్త వస్తువు మీద డిస్కౌంటులా ఉండాలని కోరుకుంటున్నాం. అన్నింటినీ బాగుచేయించి తీరాలని నేను అనను. అరిగిన కుక్కర్ సేఫ్టీ వాల్వుకు అడ్డదారి మరమ్మతు, ఇస్త్రీపెట్టె తెగిన వైరుకు టేపు, ఇవి పొదుపు కాదు, ప్రాణం మీదికి తెచ్చుకోవడం.

ఇంతకూ ఈ పోస్టు రాయించినది మిక్సీ కాదు, మా అమ్మ గద్వాల చీర. తలుపు గడియకు పట్టుకుని నూలు భాగంలో బొటనవేలంత చిరిగింది. పాతబస్తీలో రఫూ చేసే ఒకాయన దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన చీర లోపలి చెంగు నుంచి కొన్ని పోగులు లాగి, సన్నని సూదికి ఎక్కించి, ఒక పోగు పైనుంచి, మరో పోగు కిందినుంచి, మొదట నిలువుగా, తరువాత అడ్డంగా, చిరుగు మీద మళ్ళీ నేతే నేశాడు. మధ్యాహ్నం కూర్చున్నవాడు లేచేసరికి పొద్దు వాలింది. 400 రూపాయలు అన్నాడు. నేను, ఇప్పుడు ఇన్ని నీతులు చెబుతున్న నేనే, 50 తగ్గించమన్నాను. ఆయన కోపగించుకోలేదు. "దారం మీ చీరదే సాబ్, నేను పెట్టింది నా కళ్ళు" అన్నాడు.

400 ఇచ్చి వచ్చాను. అమ్మ చీర విప్పి, వెలుతురుకు పట్టి, తిరగేసి, రెండు నిమిషాలు వెతికి, "చిరిగినది ఇది కాదురా, ఎవరి చీర తెచ్చావు?" అంది.