పేరెంటింగ్ క్లాసులు చాలు, ముందు అమ్మానాన్నల్ని టైమ్‌కి ఇంటికి పంపండి

యూట్యూబ్ ఓపెన్ చేస్తే పేరెంటింగ్ కోచ్‌లు, స్కూల్ వాట్సాప్ గ్రూప్ చూస్తే వెబినార్ లింకులు, ఆదివారం పేపర్ తిరగేస్తే సైకాలజిస్ట్ గారి సూచనలు. పిల్లలతో మాట్లాడండి, వాళ్లు చెప్పేది ఓపిగ్గా వినండి, పక్కింటి వాళ్లతో పోల్చకండి, క్వాలిటీ టైమ్ గడపండి. అన్నీ మంచి మాటలే, కాదనను. కానీ చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నట్టు, ఆ వినే అమ్మానాన్నలు రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరుతున్నారో మాత్రం ఎవరూ అడగరు.

2025 జులై గుర్తు చేసుకోండి. ఆ నెల 10న ఆంధ్రప్రదేశ్‌లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు, ముఖ్యమంత్రి చంద్రబాబు శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువు బడికి వెళ్లారు, పిల్లల మీద తల్లిదండ్రులు శ్రద్ధ పెట్టాలని స్పీచ్‌ల మీద స్పీచ్‌లు. దానికి సరిగ్గా నెల ముందు, జూన్‌లో, అదే ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో రోజు పని తొమ్మిది గంటల నుంచి పది గంటలకి పెంచడానికి కేబినెట్‌లో ఓకే చెప్పింది, ఓవర్‌టైమ్ పరిమితి కూడా మూడు నెలలకి 75 గంటల నుంచి 144కి పోయింది. తెలంగాణ ఏమన్నా తక్కువ తిందా, జులై మొదటి వారంలోనే కమర్షియల్ సంస్థలకి రోజుకి పది గంటలు అని జీవో ఇచ్చేసింది. పొద్దున శ్రద్ధ పెట్టమని చెప్పి సాయంత్రం ఆ శ్రద్ధ పెట్టే గంట లాగేసుకుంటే ఎలా?

పది గంటలంటే పది గంటలే కాదు కదా. మియాపూర్ నుంచి గచ్చిబౌలి వెళ్లొచ్చేవాళ్లని అడగండి, రోడ్డు మీద పోయే టైమ్ ఎంతో చెప్తారు. ఇంటికొచ్చేసరికి తొమ్మిది దాటుతుంది, చిన్నోడు సగం నిద్రలో ఉంటాడు, నిద్రలోకి జారేలోపు దొరికేది ఓ పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఏం అడుగుతాం? హోంవర్క్ అయిందా, యూనిట్ టెస్ట్‌లో ఎన్నొచ్చాయి, ఫోన్ ఎంతసేపు చూశావ్. ఆఫీసులో మేనేజర్ మనల్ని ఎలా అడుగుతాడో అచ్చం అలాగే. మార్కుల గురించి తప్ప ఇంకోటి మాట్లాడరు అని తల్లిదండ్రుల్ని తిడతారు గానీ, పది నిమిషాల్లో తేలిపోయే ప్రశ్న మార్కులే మరి!

అసలు పిల్లలు మనసులో మాట ఎప్పుడు చెప్తారో గమనించారా? ఎదురుగా కూర్చోబెట్టి "చెప్పు నాన్నా, ఏమైంది" అంటే ఏం లేదంటారు. ఆరేసిన బట్టలు కలిసి మడతపెడుతున్నప్పుడో, కరెంటు పోయి బాల్కనీలో ఊరికే కూర్చున్నప్పుడో, దానికీ దీనికీ సంబంధం లేకుండా "అమ్మా, మా క్లాసులో ఒకడున్నాడు, వాడు రోజూ నన్ను..." అని మొదలవుతుంది. ఆ మాట రావడానికి ముందు అరగంట పనికిమాలిన కబుర్లు నడవాలి. క్వాలిటీ టైమ్ అనేది పెద్ద బోగస్ అంటాను నేను. పిల్లలకి కావాల్సింది క్వాంటిటీ, మనిషి ఊరికే ఇంట్లో ఉండటం.

కార్పొరేట్ కాలేజీ హాస్టళ్ల దగ్గర ఆదివారం చూడండి. క్యారియర్‌లో చికెన్ కూర పట్టుకుని ఊరి నుంచి బస్సెక్కి వస్తారు, చెట్టు కింద దుప్పటి పరుస్తారు, పిల్ల రెండో ముద్ద నోట్లో పెట్టుకోకముందే "వీకెండ్ టెస్ట్‌లో ర్యాంక్ ఎంతమ్మా" అని నాన్న. ఆయన చెడ్డోడు కాదు, సాయంత్రం బస్సు ఉంది, మళ్లీ ఎప్పుడొస్తాడో తెలీదు. విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న అమ్మాయి చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలోనే గైడ్‌లైన్స్ ఇచ్చింది, వంద మంది, ఆపైన విద్యార్థులుంటే కౌన్సెలర్ ఉండాలని, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దని, తల్లిదండ్రులకీ అవగాహన కార్యక్రమాలు పెట్టాలని. మంచిదే, అమలు చేయాల్సిందే. అవగాహన పెరుగుతుంది సరే, సెలవు ఎవరిస్తారు?

ఇక ఇంట్లో ఉన్న ఆ కాస్త టైమ్ కూడా ఎవరి నెత్తిన పడుతోందో కేంద్రం టైమ్ యూజ్ సర్వే 2024 చెప్పింది. 15 నుంచి 59 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో ఇంట్లోవాళ్ల ఆలనాపాలనా చూసేవాళ్లు 41 శాతం, రోజుకి దాదాపు 140 నిమిషాలు దానికే పెడుతున్నారు. మగవాళ్లలో ఆ పని చేసేవాళ్లు 21.4 శాతమే, అదీ 74 నిమిషాలు. అంటే పేరెంటింగ్ క్లాస్ అని పెట్టేవన్నీ నిజానికి అమ్మలకి పీకే క్లాసులే. నాన్న గేటు దగ్గర బండి మీద ఫోన్ చూసుకుంటూ ఉంటాడు.

దీనికి రెడీమేడ్ జవాబులున్నాయి లెండి. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా పొలంలో ఉన్న మా నాన్న నన్ను పెంచలేదా అంటారు. పెంచారు, మీరు కూడా ఆ గట్టు మీదే తిరిగారు, ఇంట్లో నాయనమ్మ ఉంది, వీధిలో అందరూ అత్తలూ మామలే. ఇప్పుడు ఫ్లాట్‌లో ఎవరున్నారు? వారానికి 48 గంటలు దాటకూడదని రూల్ ఉంది కదా అని కూడా అంటారు. వినడానికి బానే ఉంటుంది, లాగౌట్ కొట్టాక కూడా కాల్స్ అటెండ్ అయ్యేవాళ్ల దగ్గర చెప్పండి ఆ మాట.

ఇంకో విచిత్రం, జనాభా తగ్గిపోతోంది, ఇంకా పిల్లల్ని కనండి అని చంద్రబాబు గారే పిలుపిస్తున్నారు. కంటారండీ, పెంచేదెవరు? 50 మంది, ఆపైన ఉద్యోగులుంటే పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని 2017లో మెటర్నిటీ బెనిఫిట్ చట్టం సవరించారు, మీ ఆఫీసులో ఎక్కడుందో చూపించండి. సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగికి బిడ్డ పుడితే నాన్నకిచ్చే పెటర్నిటీ లీవ్ 15 రోజులు ఉంది, ప్రైవేటు ఉద్యోగికి చట్టంలో ఒక్క రోజు కూడా లేదు, ఇచ్చేది కంపెనీ దయ. పని గంటలు ఎకానమీ టాపిక్, పిల్లల మనసు ఫ్యామిలీ పేజీ టాపిక్ అని విడగొట్టేసుకున్నంత కాలం లేబర్ డిపార్ట్‌మెంట్‌ని ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

పోనీ ఒక చిన్న పనితో మొదలెట్టండి. ఆ జులై 10 గురువారం, వర్కింగ్ డే. కూలికెళ్లేవాళ్లు మీటింగ్‌కి రావాలంటే ఆ రోజు కూలి వదులుకోవాలి, షాపులో పనిచేసే అమ్మ సెలవు కోసం ఓనర్‌ని బతిమాలాలి. వచ్చే మెగా మీటింగ్ నాటికి, బడికెళ్లే పిల్లలున్న ప్రతి ఉద్యోగికీ జీతం కట్ లేని సెలవు, ఉపాధి హామీ కూలీకి ఆ రోజు కూలి ఇస్తూ జీవో తీయండి. పది గంటలకి అంత స్పీడ్‌గా ఫైల్ కదిపినవాళ్లకి ఇదేం కష్టం కాదు.