బదులుకి వచ్చే స్నేహితుడు

ఆదివారం పొద్దున ఏడున్నర. హైదరాబాద్‌లో మా ఇంట్లో ఇంకా ఎవరూ లేవలేదు. డాలస్‌లో మావాడికి, నా హాస్టల్ రోజుల స్నేహితుడికి, అది శనివారం రాత్రి తొమ్మిది. పాపని నిద్రపుచ్చి, హెడ్‌సెట్ తగిలించుకుని వీడియో ఆట ముందు కూర్చున్నాడు. "మామా, సైన్ పెట్టా. కనిపిస్తోందా?" అన్నాడు. సైన్ అంటే, సాయానికి నన్ను పిలుచుకో అని ఆటలో పెట్టే గుర్తు. వంతెనకి ముందు, రాతి నేల మీద బంగారు రంగులో చిన్న గీతలు వెలిగాయి. తాకాను. కాసేపటికి బంగారు ఛాయలో ఒక మనిషి నేలలోంచి లేచి, నా ఎదురుగా వంగి నమస్కారం చేశాడు. సుమారు 14 వేల కిలోమీటర్ల అవతల ఉన్న మనిషి. ఇద్దరం కలిసి మార్గిట్ అనే రాక్షసుడి మీదికి వెళ్లాం.

ఆ ఆట పేరు ఎల్డెన్ రింగ్. జపాన్‌కి చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ తయారుచేయగా 2022 ఫిబ్రవరి 25న విడుదలైంది. మూడు కోట్ల ప్రతులకి పైగా అమ్ముడైంది. కష్టమైన ఆట అని పేరు. ఒక్కడే కత్తి పట్టుకుని కొండంత రాక్షసుడి ముందు నిలబడి, వంద సార్లు చచ్చి, నూటొకటోసారి గెలిచే ఆటగానే చాలామందికి తెలుసు. నేను చెప్పదలచుకున్నది దాని రెండో ముఖం గురించి. ఇందులో ఇంకొకరి సాయం ఎలా వస్తుందో గమనిస్తే, స్నేహం గురించి ఇంత శ్రద్ధగా ఆలోచించిన ఆటలు తక్కువనిపిస్తుంది. అదే ఆట స్నేహితుల్ని అనవసరంగా ఇబ్బంది పెడుతుంది కూడా.

ముందు మార్గిట్ సంగతి. స్టార్మ్‌వీల్ కోట వాకిట్లో కాపలా ఉండే ఈ ముసలి రాక్షసుడి చేతిలో నేను ఒంటరిగా ఇరవై సార్లకి పైగా ఓడిపోయాను. అతని దెబ్బ కంటే, దెబ్బకి ముందు చేసే ఆలస్యం ప్రమాదం. కర్ర పైకెత్తి అలాగే పట్టుకుంటాడు. మనం కంగారుపడి రోల్ కొడతాం, అంటే నేల మీద దొర్లి తప్పుకుంటాం. లేచి నిలబడేసరికి సరిగ్గా నెత్తిన దిగుతుంది. ఇద్దరు ఉంటే లెక్క మారుతుంది. అతను ఒకసారి ఒకరి వైపే తిరగగలడు. మావాడి మీదికి వెళ్లినప్పుడు నాకు ప్రాణం నింపే ఎర్ర సీసా తాగేంత తీరిక దొరుకుతుంది. నా మీదికి వచ్చినప్పుడు వాడు వెనక నుంచి కొడతాడు.

మొదట్లో నేను ఫోన్‌లో చెప్పినట్టే హెడ్‌సెట్‌లో చెప్పేవాణ్ణి: "ఆగు… ఆగు… ఇప్పుడు కొట్టు రోల్!" వాడు చచ్చిపోయేవాడు. రెండు మూడు సార్లు ఇలా జరిగాక అర్థమైంది, మా ఇద్దరి తెరల మీదా మార్గిట్ ఒకే క్షణంలో కదలడం లేదు. ఈ ఆటలో ఆటగాళ్ల యంత్రాలు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మధ్య దూరమంతా ఆలస్యంగా మారుతుంది. సముద్రం కింద గాజు తీగలో వెలుతురుకి కూడా అక్కడికి వెళ్లి రావడానికి సెకనులో ఏడో వంతు పడుతుంది. తీగలు తిన్నగా వెళ్లవు కాబట్టి నిజంగా పట్టేది ఇంకా ఎక్కువ. నా "ఇప్పుడు" వాడి ఇప్పుడు కాదు. అప్పటి నుంచి ఎప్పుడు తప్పుకోవాలో చెప్పడం మానేశాం. మార్గిట్ ఎవరి వైపు తిరిగాడో మాత్రం చెప్పుకుంటాం. "నీ మీదికి." "నా మీదికి." ఈ రెండు మాటలు చాలు. మూడో ఆదివారం మార్గిట్ పడిపోయాడు.

బాస్, అంటే ఆ చోటి పెద్ద రాక్షసుడు, పడిపోగానే మావాడు మాయమైపోయాడు. ఈ ఆట నియమం అది. ఆటలో ఎవరి లోకం వాళ్లది. పిలిపించుకున్న మనిషి పని పూర్తవగానే తన లోకానికి తిరిగి వెళ్లిపోతాడు. కోట తలుపు నాకే తెరుచుకుంది, వాడికి కాదు. దారిలో దొరికే కత్తి, పెట్టెలో ఉండే తాయెత్తు, అన్నీ ఆతిథ్యం ఇచ్చినవాడివే. వచ్చినవాడికి సీసాలు కూడా సగమే ఉంటాయి. దక్కేది ఆటలో డబ్బులాంటి కొన్ని రూన్లు, బాస్ ఓడితే బలం పెంచే రూన్ ఆర్క్ ఒకటి. అంటే కూలి. తన లోకంలో మార్గిట్ బతికే ఉంటే, మళ్లీ మొదటి నుంచి వాడు కొట్టుకోవాలి. అప్పుడు నేను వెళ్లాలి.

మా ఊళ్లో నాట్లప్పుడు బదుళ్లు ఉండేవి. ఈ రోజు మీ చేలోకి మేం నలుగురం వస్తాం, ఎల్లుండి మా చేలోకి మీరు నలుగురు రండి. డబ్బు చేతులు మారదు. వచ్చినవాళ్లకి ఆ చేలో గింజ మీద హక్కు లేదు. అన్నం పెడతారు, అంతే. అయినా ఎవరూ ఎగ్గొట్టరు, ఎందుకంటే రేపు తమ చేను ఉంది. మార్గిట్‌ని చంపిన మరుసటి వారం నేను మావాడి లోకానికి వెళ్లినప్పుడు నాకు గుర్తొచ్చింది అదే. నాకు ఒరిగేది దాదాపు ఏమీ లేని చోట, వాడి గెలుపు కోసం గంటన్నర కష్టపడ్డాను. కలిసి ఆడే ఇతర ఆటలు నాకు ఈ అనుభవం ఇవ్వలేదు. డయాబ్లో లాంటి ఆటల్లో అందరం ఒకే దోపిడీకి వెళ్లి ఎవరి వాటా వాళ్లు తెచ్చుకుంటాం. అక్కడ పక్కవాడు భాగస్వామి. ఇక్కడ అతిథి.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో దర్శకుడు హిదెటాకా మియాజాకి 2010లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. బాగా మంచు కురిశాక ఒక ఎత్తు రోడ్డు మీద అతని కారుతో సహా కార్లు పైకి ఎక్కలేక ఇరుక్కుపోయాయి. వెనక వచ్చిన కారు ముందు కారుని నెట్టింది. అలా ఒకరినొకరు నెట్టుకుంటూ అందరూ పైకి చేరారు. ఆగి కృతజ్ఞత చెబుదామంటే మళ్లీ ఇరుక్కుపోతారు. చివర్లో ఉన్న కారు ఇల్లు చేరిందో లేదో తెలియదు. ఆ అపరిచితుల సాయాన్నే 2009 నాటి తన ఆట డీమన్స్ సోల్స్‌లో సైన్‌గా మార్చాడు. అందుకే అందులో మాటలు లేవు, స్నేహితుణ్ణి నేరుగా పిలిచే దారి లేదు. ఎవరో వస్తారు, సాయం చేస్తారు, దణ్ణం పెట్టి వెళ్లిపోతారు.

ఆ ఊహ ఎంత బలమైనదో 2022లోనే రుజువైంది. మలేనియా అనే బాస్ ఈ ఆటలో అందరికంటే కఠినం. మనని కొట్టిన ప్రతిసారీ తన ప్రాణం పెంచుకుంటుంది. ఆమె గది ముందు నెత్తిన కుండ బోర్లించుకుని, గోచీతో, రెండు కత్తులు పట్టుకుని ఒక ఆటగాడు సైన్ పెట్టి ఉండేవాడు. ఆటలో అతని పేరు 'లెట్ మీ సోలో హర్', అంటే ఆమెని నాకొక్కడికే వదిలేయండి అని. పిలిచినవాళ్లు ఓ పక్కన నిలబడితే చాలు, అతనే చంపి వెళ్లిపోయేవాడు. అలా వెయ్యికి పైగా అపరిచితులకి సాయం చేశాడు. ఆట ప్రచురణకర్త బాందాయ్ నామ్‌కో అతనికి నిజమైన కత్తినే కానుకగా పంపింది.

కానీ అపరిచితుల కోసం కట్టిన ఇంట్లో స్నేహితులు కాపురం పెడితే గోడలు తగులుతాయి. నా ఫిర్యాదు అక్కడే మొదలవుతుంది. సైన్లు కనిపించాలంటే ప్రతిసారీ ఒక మందు వాడాలి, దానికి రెండు పూలు కోసి తయారుచేసుకోవాలి. సాయానికి మనిషి రాగానే గుర్రం ఎక్కడం కుదరదు. అంత పెద్ద మైదానంలో ఇద్దరం కాళ్లీడ్చుకుంటూ నడవాలి. కొన్ని దారులకి పొగ గోడలు అడ్డు వస్తాయి. మనలో ఎవరు చచ్చినా మళ్లీ సైన్, మళ్లీ ఎదురుచూపు. పైగా మామూలుగా ఆడుతున్నప్పుడు, సాయం పిలుచుకున్న లోకంలోకే మనని చంపడానికి దండెత్తే ఇతర ఆటగాళ్లు రాగలరు. స్నేహితుడికి తలుపు తీస్తే దొంగకీ తీసినట్టే. ఇక ప్లేస్టేషన్‌లో ఆడేవాడు, కంప్యూటర్‌లో ఆడేవాడు కలవనే కలవలేరు. మా ఇద్దరి దగ్గరా ఒకే రకం యంత్రం ఉండడం కేవలం అదృష్టం.

పాస్‌వర్డ్ అనే ఏర్పాటు మాత్రం స్నేహితుల కోసమే పెట్టింది. ఇద్దరూ ఒకే మాట పెట్టుకుంటే ఒకరి సైన్ ఒకరికి దొరుకుతుంది. మాది హాస్టల్ గది నంబర్. మావాడు నాకంటే నలభై లెవెళ్లు పైన ఉండేవాడు. పాస్‌వర్డ్ ఉంటే ఆట తేడా చూడదు, వచ్చినవాడి బలాన్ని పిలిచినవాడి స్థాయికి తగ్గిస్తుంది. బాస్‌కి ప్రాణం పెంచుతుంది. ఇది సరైన ఆలోచన. ఎక్కువ సమయం దొరికే స్నేహితుడు ముందుకెళ్లిపోయినా, వెనకున్నవాడు ఒంటరి కాడు.

ఆ పూల గురించి ఇంకో మాట. నియమంగా అది నాకు నచ్చదు. అయినా ఒక ఆదివారం మందు అయిపోయి లిమ్‌గ్రేవ్ గడ్డి మైదానంలో నా లోకంలో నేను, తన లోకంలో వాడు పూలు కోసుకుంటూ తిరుగుతున్నాం. బాస్ లేడు, తొందర లేదు. అప్పుడు వాడు చెప్పాడు, ఆఫీసులో వాళ్ల టీమ్ మొత్తాన్ని తీసేస్తారని అనుకుంటున్నారని, వీసా సంగతి ఆలోచిస్తే నిద్ర పట్టడం లేదని. రెండు నెలలుగా దాచాడట. మేం అంతకుముందు ఫోన్‌లో మాట్లాడుకోలేదా అంటే, మాట్లాడుకున్నాం. "ఏంటి సంగతులు?" "ఏముంది, మామూలే." పది నిమిషాలకి మాటలు అయిపోయేవి. ముప్పై అయిదు దాటాక మగవాళ్ల స్నేహాలు చాలావరకు ఆ "మామూలే" దగ్గర ఆగిపోతాయని నా గమనింపు. ఎదురెదురుగా కూర్చుని గుండె విప్పడం మనకి నేర్పలేదు. చేతికి పని ఉండి, కళ్లు వేరేచోట ఉన్నప్పుడు మాట దానంతటదే వస్తుంది. వెనకటికి అది చెరువు గట్టు మీద, చేలో, హాస్టల్ మేడ మీద జరిగేది. డాలస్‌కీ హైదరాబాద్‌కీ మధ్య మేడ లేదు.

అందుకే నైట్‌రెయిన్ విషయంలో నాకు నిజంగా కోపం వచ్చింది. ఎల్డెన్ రింగ్ లోకంలోనే, మొదటి నుంచి కలిసి ఆడడానికే చేసిన ఈ ఆట 2025 మే 30న వచ్చింది. ఒక్కరు ఆడొచ్చు, ముగ్గురు ఆడొచ్చు. ఇద్దరికి మాత్రం అప్పట్లో చోటు లేదు. ఇద్దరు స్నేహితులు ఆడాలంటే ముక్కూ మొహం తెలియని మూడోవాణ్ణి చేర్చుకోవాల్సి వచ్చేది. ఇద్దరి సంగతి తమ దృష్టిని దాటిపోయిందని దర్శకుడు జున్యా ఇషిజాకి ఒప్పుకున్నాడు. జూలై 30న ఇద్దరే ఆడే వీలు కల్పించారు. సరిదిద్దినందుకు సంతోషమే. కానీ ఇద్దరు అనే అంకె ఎలా దాటిపోతుంది? ఉద్యోగం, పిల్లలు, వేరు వేరు దేశాలు ఉన్నాక ఇద్దరికి ఒక గంట కుదరడమే గగనం. మూడో మనిషి ఖాళీ కూడా కలవాలంటే ఆ ఆదివారం రాదు.

ఆటగాళ్లు తమంతట తాము వెతుక్కున్న దారి ఒకటుంది. 2022లోనే కంప్యూటర్ ఆటగాళ్ల కోసం సీమ్‌లెస్ కో-ఆప్ అనే మార్పు ఒకటి తయారైంది. అందులో పొగ గోడలుండవు, గుర్రం ఎక్కొచ్చు, బాస్ చచ్చాక స్నేహితుడు మాయం కాడు. మొదటి నుంచి చివరిదాకా ఒకే లోకం. నా పోలికలో ఇది బదులు కాదు, పొత్తు సేద్యం. మేమూ కొన్ని వారాలు ఆడాం. కేలిడ్ ఎర్ర నేల మీద రెండు గుర్రాలు పక్కపక్కన పరుగెత్తిన ఆ మొదటి ఆదివారం మర్చిపోలేను. ఈ వీలు తయారీదారులే ఇవ్వాల్సింది, బయటివాళ్ల దయకి వదిలేయకూడదు. అయినా నెల తిరక్కుండా మేం పాత పద్ధతికే వచ్చేశాం. అన్నీ ఇద్దరివీ అయ్యాక, ఒకరి కోసం ఒకరు వెళ్లడం అనేది పోయింది. నాకు గుర్రం కావాలి, గోడలు పోవాలి, ఆ మందు పోవాలి. వాడు నా లోకానికి రావడం, నేను వాడి లోకానికి వెళ్లడం మాత్రం ఉండాలి.

సాయం పిలిచి గెలిస్తే గెలుపు కాదనే వాదన ఆటగాళ్లలో బలంగా ఉంది. కుర్రాళ్లు దాన్ని పౌరుషంగా చెప్పుకుంటారు. నేను ఒప్పుకోను. సైన్ ఆటలో దొడ్డిదారి కాదు, దాని పునాదుల్లో ఒకటి. దొరికిన సాయమంతా తాను వాడుకుంటానని మియాజాకే 2024లో చెప్పాడు. చేసినవాడికి లేని నామోషీ ఆడేవాడికి ఎందుకు?

దీనికి ఉన్న అసలు ముప్పు వేరు. యంత్రాలు నేరుగా మాట్లాడుకున్నా, వాటిని ముందు కలిపేది కంపెనీ సర్వర్లే. 2018 ఫిబ్రవరిలో పాత డీమన్స్ సోల్స్ సర్వర్లు ఆపేశాక, అందులో సైన్లు వెలగడం ఆగిపోయింది. అదే కంపెనీ ఆట డార్క్ సోల్స్ మొదటి కంప్యూటర్ ప్రతికి 2022 జనవరిలో భద్రతా లోపం వల్ల ఆపిన సర్వర్లు మళ్లీ రానే లేదు. ఆట మన దగ్గరే ఉంటుంది, రాక్షసులూ ఉంటారు, వచ్చే మనిషే ఉండడు.

మొన్న మావాడి వంతు. వాడి లోకంలో మలేనియా. ఏడోసారో ఎనిమిదోసారో రెండో దశలో ఆమె గాల్లోకి లేచి కత్తుల సుడిలా దిగింది, నేను చచ్చిపోయాను. ఆమె ప్రాణం ఇంకా వేలెడంత ఉంది. కళ్లు తెరిచేసరికి నా లోకంలో, నేను సైన్ పెట్టిన చోట నిలబడి ఉన్నాను. నాకేమీ కనిపించదు. చెవిలో వాడి బటన్ల టకటక, ఊపిరి మాత్రం వినిపిస్తున్నాయి. నేను మాట్లాడలేదు. కొంతసేపటికి టకటక ఆగింది. పాప లేస్తుందని గొంతు నొక్కుకుని, "అయిపోయిందిరా… అయిపోయింది" అన్నాడు. వాడికి అప్పుడు పదకొండు దాటింది. ఇక పడుకోమన్నాను.

"ఉండు మామా. నీ దాంట్లో ఇంకా బతికే ఉంది కదా. సైన్ పెడుతున్నా, చూడు."