మూడు నెలల్లో తేలుస్తానన్న 422వ సెక్షన్ గారికి

మహారాజశ్రీ కంపెనీల చట్టం 2013, 422వ సెక్షన్ గారి సముఖానికి,

నమస్కారాలు. నిన్న కంపెనీల గొడవలు తేల్చే ట్రిబ్యునల్లో, ఆ రోజు విచారించే కేసుల జాబితా అయిన కాజ్ లిస్టులో నాది నలభై మూడో ఐటెం, బెంచి ముప్ఫై ఒకటో దగ్గర లేచింది. మిగిలినవాటికి కోర్టు మాస్టర్ వరసబెట్టి తేదీలు చదువుకుంటూ పోయారు, నాకు సంక్రాంతి దాటాక పడింది. మా లాయరు గారు ఫైలు సంచిలో పెట్టుకుంటూ "పర్లేదండీ, దగ్గర డేటే ఇచ్చారు" అన్నారు. బస్సెక్కాక ఫోన్లో మిమ్మల్ని తెరిచి మళ్లీ చదువుకున్నాను.

ఎంత బాగుంటారండీ మీరు! ట్రిబ్యునల్ ముందుకొచ్చిన ప్రతి పిటిషన్నూ వీలైనంత త్వరగా తేల్చాలట, దాఖలైన మూడు నెలల్లో ముగించడానికి అన్ని ప్రయత్నాలూ చేయాలట, కుదరకపోతే ఎందుకు కుదరలేదో కారణం రాయాలట, ఆ కారణం చూసి అధ్యక్షులవారు మహా అయితే ఇంకో తొంభై రోజులు పొడిగిస్తారట. పెళ్లిపత్రిక కూడా ఇంత ముచ్చటగా ఉండదు. నా పిటిషన్ మీ మూడు నెలలూ దాటేసింది, ఆ తొంభై రోజులూ దాటేసింది, అక్కణ్నుంచి దానికి లెక్కే లేదు. కారణం రాసిన కాగితమంటూ ఒకటుంటే ఒక్కసారి చూపించండి, ఫ్రేము కట్టించుకుంటాను.

మా గొడవ మీకు కొత్తేమీ కాదు. మిర్యాలగూడ వైపు నాన్నా, ఆయన అన్నదమ్ములూ కలిసి పెట్టిన రైస్ మిల్లు, ప్రైవేట్ లిమిటెడ్. నాన్న పోయాక బాబాయ్ "నీకెందుకురా టెన్షన్, మేం చూసుకుంటాం కదా" అన్నాడు. చూసుకున్నారు. కంపెనీ వ్యవహారాల శాఖవారి ఎంసీఏ పోర్టల్‌లో వంద రూపాయలు కట్టి కంపెనీ కాగితాలు తెరిస్తే, కొత్త షేర్లు ఎవరికిచ్చారో చెప్పే పాస్-3 ఫారం కనిపించింది. కొత్త షేర్లు, ఒక్కోటి ముఖవిలువ పది రూపాయలకే. హైవే పక్కన స్థలమున్న మిల్లులో షేరు పది రూపాయలు! కింద ఎవరికిచ్చారో పట్టికలో బాబాయ్, పిన్ని, వాళ్లబ్బాయి, మూడు వరసలతో అయిపోయింది. నాలుగోవంతు ఉన్నవాణ్ని ఆరు శాతానికి దిగాను. ఆ కొత్త షేర్లు తీసుకోమని నాకూ నోటీసు పంపామని కౌంటర్లో, అంటే వాళ్ల జవాబులో, రాశారు. నోటీసు అందినట్టు రుజువుండే పద్ధతిలో పంపాలని 62వ సెక్షన్ అంటుంది కదా, ఆ రసీదేదీ అంటే మళ్లీ టైం అడిగారు. ఇచ్చారు.

మీ చుట్టాల మీద నాకు పెద్దగా కోపం లేదు. 241 గారు అన్యాయం జరిగితే రమ్మన్నారు. 242 గారి చేతిలో ఉన్న అధికారాలు చదివితే కడుపు నిండిపోతుంది: నా షేర్లు వాళ్లచేత కొనిపించగలరు, మేనేజింగ్ డైరెక్టర్ని పీకేయగలరు, అక్రమంగా మింగింది కక్కించగలరు. కాకపోతే ముందు ఈ కంపెనీని మూసేయడానికి తగిన కారణాలున్నాయని నిరూపించి, అయినా దయచేసి మూయొద్దు, మూస్తే నేనే మునుగుతానని మొరపెట్టుకోవాలి. సరే, అదీ చేశాం. 244 గారైతే నన్ను సగౌరవంగా లోపలికి రానిచ్చారు. సభ్యుల్లో పదోవంతు మంది వచ్చినా, షేర్లలో పదోవంతు ఉన్నా చాలట. మా మిల్లులో సభ్యులు పదిమంది కూడా లేరు, కాబట్టి నేనొక్కణ్నే చాలు. టాటా సన్స్‌లో 18.37 శాతం ఈక్విటీ ఉన్న మిస్త్రీ కుటుంబానికేమో 2017లో ముంబై బెంచి ప్రిఫరెన్స్ షేర్లనే మరో రకం షేర్లు కూడా కలిపి లెక్కకట్టి, మీకు పదోవంతు లేదు పొమ్మంది. తర్వాత అప్పీల్లో దారి దొరికింది గానీ, 2016 డిసెంబరులో వేసిన ఆ కేసు 2021 మార్చిలో సుప్రీంకోర్టులో ముగిసింది, అదీ ఓటమితో. అంత పెద్ద లాయర్లున్నవాళ్లకే మీ మూడు నెలలు దొరకలేదు, నేనెంత! ఇక 245 గారు, వాటాదారులు చాలామంది కలిసి వేసే క్లాస్ యాక్షన్ కేసులకు పెద్దదిక్కు, అమల్లోకి వచ్చింది 2016లో. సత్యం కుంభకోణం బయటపడింది 2009లో. అమెరికాలో కొన్నవాళ్లు అక్కడ అలాంటి కేసే వేసి కంపెనీ నుంచి 12.5 కోట్ల డాలర్లకు సెటిల్ చేసుకున్నారు, హైదరాబాద్‌లో కొన్నవాళ్లు పేపర్లో చదువుకున్నారు.

వాళ్లందర్నీ వదిలేస్తాను. మిమ్మల్ని మాత్రం వదల్లేను, ఎందుకంటే ఇచ్చిన మాట మీది. పైగా వేరే చోటికి పోదామంటే 430 గారు దారి మూసి నిలబడ్డారు, ఇలాంటివి సివిల్ కోర్టు ముట్టుకోకూడదట. పోనీ మీ దగ్గరే కూర్చుందామంటే 2016 చివర్నుంచి దివాలా కేసులన్నీ అదే బెంచికి వచ్చి పడుతున్నాయి. వేల కోట్ల బ్యాంకు బాకీల మధ్య మా వడ్లమిల్లు మొహం ఎవరు చూస్తారు?

వాయిదా పడితే ఇద్దరికీ ఒకటే కదా అంటారేమో. కాదండీ. బాబాయ్ తరఫున వచ్చే సీనియర్ లాయరు ఫీజు కంపెనీ ఖాతాలోంచి పోతోంది, బ్యాలెన్స్ షీట్లో "న్యాయ ఖర్చులు" అని ఉంది, నేనే చూశాను. అంటే నా లాయరుకీ నేనే కట్టుకోవాలి, నా మీద వాదించే లాయరుకీ నా వాటా కట్టుకోవాలి. నా వేలితో నా కన్నే పొడిపించడమంటే ఇదే. జీతం ఆయనదే, కారు ఆయనదే, చెక్కుల మీద సంతకం ఆయనదే. డివిడెండ్ అడిగితే "కేసులో ఉంది కదరా" అంటాడు. కేసు ఎన్నేళ్లు నడిస్తే ఆయనకి అన్నేళ్లు పండగ. మీ ఆలస్యం కన్నా మంచి లాయరు ఆయనకి దొరకడు, దానికి ఫీజు కూడా లేదు.

చేతకానప్పుడు మూడు నెలలని ఎందుకు రాశారు? ఐదేళ్లు, పదేళ్లు అని రాసుంటే ఆ రోజే ఆయనిచ్చింది తీసుకుని ఊరుకునేవాణ్ని కదా.

మొన్న దసరాకి కలిసినప్పుడు బాబాయ్ చాలా ప్రేమగా షేరుకి పదిహేను రూపాయలు ఇస్తానన్నాడు. వద్దన్నాను. ఇప్పుడు మిల్లు స్థలం చూడ్డానికి వెంచర్లవాళ్లు వచ్చి కొలతలు తీసుకుంటున్నారని వాచ్‌మన్ చెప్పాడు. కేసు తేలేదాకా అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచాలని మేమడిగిన స్టేటస్ కో ఉత్తర్వు కూడా ఆ నలభై మూడో ఐటెంలోనే ఉంది. సంక్రాంతి లోపు రిజిస్ట్రేషన్ అయిపోతే 242 గారు నాకేం ఇప్పిస్తారో కాస్త కనుక్కుని చెప్పండి.

ఇట్లు,
ఆరు శాతం వాటాదారు
(పాస్-3కి ముందు ఇరవై అయిదు)