నాణ్యత అనే నేరం గురించి అభిమానులకు హితవు

వీడియో గేముల మీది ప్రేమతో వాటికి మోడ్‌లు తయారుచేసే యువత కోర్టు చిక్కుల్లో పడుతోందన్న ఆందోళన కొంతకాలంగా వినబడుతోంది. అసలు గేములోని దారులనో, వాహనాలనో, కథనో తమకు నచ్చినట్టు మార్చి తోటివారికి ఉచితంగా పంచిపెట్టడం నేరమెలా అవుతుందని కొందరు అమాయకంగా అడుగుతున్నారు. జరిగిన ఉదంతాలను ఓపికగా పరిశీలించినవారికి ఈ ఆందోళన కలగదని సవినయంగా మనవి చేస్తున్నాను. కంపెనీల న్యాయవాదులు మోడర్ల మీద గుడ్డిగా విరుచుకుపడరు. పని బాగా చేసినవారిని, అందులోనూ చివరిదాకా చేసినవారిని, ఎంతో వివేచనతో ఏరుకుంటారు. చేతకానివారికి, బద్ధకస్తులకు ఈ రంగంలో ఉన్నంత భద్రత మరెక్కడా లేదు.

2009 నాటి సంగతి చూడండి. ‘క్రోనో ట్రిగ్గర్’ అనే పాత జపాన్ గేముకు కొనసాగింపుగా అభిమానుల బృందమొకటి కొన్నేళ్ళు శ్రమించి ‘క్రిమ్సన్ ఎకోస్’ అనే మోడ్‌ను సిద్ధం చేసింది. 98 శాతం పూర్తయిందనీ, ఇక విడుదలే తరువాయి అనీ సంబరపడుతున్న వేళ, హక్కుదారైన స్క్వేర్ ఎనిక్స్ నుంచి పని ఆపమని లేఖ అందింది. 97 దగ్గర బుద్ధిగా ఆగివుంటే వారికి ఈ కష్టం వచ్చేదా అన్నది ఆలోచించవలసిన విషయం.

అర్జెంటీనాకు చెందిన ఒక ప్రోగ్రామరు ఈ సూక్ష్మాన్ని దాదాపు పదేళ్ళ పాటు చక్కగా పాటించాడు. 1991లో నిన్టెండో వారి గేమ్‌బాయ్ అనే చేతిలో పట్టే గేము యంత్రం మీద వచ్చిన ‘మెట్రాయిడ్ 2’ను కొత్త హంగులతో తిరిగి నిర్మిస్తూ, మధ్యమధ్య నమూనాలు చూపిస్తూ కాలం గడిపినంతకాలం అతని జోలికి ఎవరూ రాలేదు. 2016 ఆగస్టులో, మెట్రాయిడ్ ముప్ఫయ్యో పుట్టినరోజున, పొరపాటున పూర్తిచేసి విడుదల చేశాడు. రోజులు తిరగకుండానే హక్కుదారైన నిన్టెండో దాన్ని తీయించివేసింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో అదే పాత గేముకు తన సొంత పునర్నిర్మాణాన్ని విడుదల చేసి, ధర కూడా నిర్ణయించింది. ఉచితంగా దొరికే వస్తువు పట్ల ప్రజలకు గౌరవం ఉండదన్న సత్యాన్ని ఆ సంస్థ గుర్తించినట్టుంది.

అయితే ఈ శాస్త్రానికి అసలైన ప్రయోగశాల గ్రాండ్ తెఫ్ట్ ఆటో (జీటీఏ) గేముల వరుస. అందులోని ‘వైస్ సిటీ’ని మనవాళ్ళకు పరిచయం చేయనక్కర్లేదు. తెలుగు ఊళ్ళలో ఒక తరం మొత్తం నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బు చెల్లించి, అసలు సీడీ ఏ రంగులో ఉంటుందో కూడా చూడకుండా ఆ గేమును ఆడింది. ఆ నెట్ సెంటర్ల యజమానులకు అమెరికా నుంచి ఉత్తరం వచ్చినట్టు నేనెన్నడూ వినలేదు. నోటీసు అందుకునే భాగ్యం, అసలు గేమును కొని దగ్గర పెట్టుకున్నవారికే పనికివచ్చే మోడ్ తయారుచేసిన వారికి దక్కింది.

వారు చేసిన ఘోరం ఇది. ‘జీటీఏ 3’, ‘వైస్ సిటీ’ల ప్రోగ్రామును విడదీసి చదివి, మళ్ళీ మొదటినుంచీ రాసి, ఏళ్ళ తరబడి ఉన్న లోపాలను సరిచేసి, ఒక దీవి నుంచి మరో దీవికి వెళ్ళేటప్పుడు విసిగించే లోడింగ్ తెరను కూడా తీసివేసి, 2021లో ఆ కోడ్‌ను అందరికీ అందుబాటులో పెట్టారు. బొమ్మలూ శబ్దాలూ అందులో లేవు కాబట్టి ఆడదలచినవారు అసలు గేమును కొనుక్కోక తప్పదు. అంటే ఇరవై ఏళ్ళనాటి సరుకుకు కొత్త గిరాకీ సృష్టించారన్నమాట. యజమాని అయిన టేక్‌-టూ సంస్థ ఫిబ్రవరిలో దాన్ని తొలగింపజేసింది, తిరిగి పైకి రాగానే సెప్టెంబరులో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో దావా వేసింది.

ఇంత తొందర ఎందుకని ఆక్షేపించినవారికి నవంబరులో సమాధానం దొరికింది. ఆ రెండింటికి ‘సాన్ ఆండ్రియాస్’ను కూడా చేర్చి, మూడు పాత గేములను మెరుగుపరచి, ఇదే తుది రూపమని ప్రకటిస్తూ కంపెనీ తానే విడుదల చేసింది. అందులో వాన కురిస్తే తెల్లటి గీతలు అడ్డుపడి దారి కనబడలేదు. ‘సాన్ ఆండ్రియాస్’లో ఒక డోనట్ దుకాణం మీద ఆరు అంచులతో ఠీవిగా నిలబడివుండిన ఇనుప నట్టు, నునుపు చేసే యంత్రం చేతిలో పడి అంచులన్నీ పోగొట్టుకుని గుండ్రంగా తేలింది. కంప్యూటర్ ప్రతిని కొన్ని రోజులు అమ్మకం నుంచే తప్పించారు, క్షమాపణ చెప్పారు, తీసేసిన పాత గేములను మళ్ళీ అమ్మకానికి పెట్టారు. పక్కనే ఎవరో కుర్రాళ్ళు ఉచితంగా చేసిన చక్కటి ప్రతి ఒకటి ఉండివుంటే ఈ నట్టు పరువు ఏమయ్యేదో ఊహించండి. దావా ఎంత ముందుచూపుతో వేసినదో అప్పుడు గానీ అర్థం కాదు.

కంపెనీలకు దయ లేదనడం కూడా అన్యాయమే. 2017లో టేక్-టూ సంస్థ ‘ఓపెన్ ఫోర్’ అనే మోడింగ్ ఉపకరణాన్ని ఆపించబోయి, ఆటగాళ్ళు స్టీమ్ అనే గేముల అమ్మకపు వేదికలో చెడ్డ రివ్యూలతో ముంచెత్తడంతో వెనక్కి తగ్గిన తరువాత, ఒంటరిగా ఆడుకునే, డబ్బు ముట్టని మోడ్‌ల మీద సాధారణంగా చర్య తీసుకోబోమని, ఆ సంస్థ కింద జీటీఏ గేములు తయారుచేసే రాక్‌స్టార్ ఒక ప్రకటన చేసింది. అది అనుమతి కాదనీ, ఎప్పుడైనా మార్చుకోవచ్చనీ, రద్దు చేసుకోవచ్చనీ అందులోనే రాసుంది. తరువాత మినహాయింపుల్లో కొత్త కథలు, కొత్త మిషన్లు, కొత్త మ్యాపులు కూడా చేరాయి. మిగిలిన విశాలమైన స్వేచ్ఛలో మోడరు తన కారుకు నచ్చిన రంగు వేసుకోవచ్చు.

రంగు అన్నాను కాబట్టి మన కుర్రాళ్ళను హెచ్చరించక తప్పదు. ‘బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా’ తయారీదారులు, తమ వ్యాపారం మీద ఏమాత్రం శ్రద్ధ లేక కాబోలు, ఎవరి బస్సు వారు తయారుచేసుకుని గేములో పెట్టుకోవచ్చని తలుపులు తెరిచారు. దాంతో మనవాళ్ళు ఇండోనేషియా రోడ్ల మీద పల్లెవెలుగు బస్సులు తిప్పుతున్నారు. ఆర్టీసీ ఎవరికైనా నోటీసు పంపినట్టు నా చెవిన పడలేదు. అయినా ఏమరుపాటు పనికిరాదు. అసలు పల్లెవెలుగు కంటే గేములోని బస్సు శుభ్రంగా ఉందనీ, వేళకు వస్తోందనీ ప్రయాణికులు పోల్చిచూడడం మొదలుపెట్టిన నాడు ఏ సంస్థ మాత్రం ఊరుకుంటుంది? మన కాపీరైటు చట్టంలోని 63వ సెక్షనులో ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు ఉందన్న సంగతి గుర్తుంచుకుని, టైర్లను కొంచెం వంకరగానైనా గీయడం శ్రేయస్కరం.

ఇంత చెప్పినా బాగా చేసి తీరుతామనే మొండివారు కొందరుంటారు. వారికి ‘ఫైవ్‌ ఎమ్’ చరిత్ర ఆదర్శం. ‘జీటీఏ 5’ను సొంత సర్వర్లలో పదిమందీ కలిసి ఆడుకునేలా చేసిన ఈ మోడ్‌లో పైరసీకి తోడ్పడే కోడ్ ఉందని 2015లో ప్రకటించి, రాక్‌స్టార్ దాని తయారీదారుల ఖాతాలను నిలిపివేసింది. 2023 ఆగస్టులో ఆ ప్రాజెక్టును నడుపుతున్న బృందాన్ని తనలో కలుపుకున్నట్టు సగర్వంగా ప్రకటించింది కూడా రాక్‌స్టారే. కనుక ప్రతిభావంతులు నిరుత్సాహపడకుండా ఎనిమిదేళ్ళు ఓపిక పట్టాలి. ఈలోగా లాయరు ఫీజుల కోసం వేరే కొలువేదైనా చూసుకుని, కంపెనీ పిలుపు వచ్చిన రోజున దరఖాస్తులో పూర్వానుభవం అనే గడిలో పాత నోటీసు తేదీని స్పష్టమైన అక్షరాలతో నింపాలి.