కందాయం కట్టొద్దట!

ఉగాది నుంచి బెంగళూరులోని మా తెలుగువాళ్ల గ్రూపులో ఒకటే మెసేజి తిరుగుతోంది, కందాయం (ఇక్కడి ఇంటిపన్ను) కట్టొద్దని. నిన్న ఏడోసారి మా బావే పంపాడు: "జీఎస్టీ అంతా ఢిల్లీకే. పెట్రోలు పన్నూ ఢిల్లీకే. మనం వంద పంపితే తిరిగొచ్చేది పదమూడు. బెంగళూరు వాసులారా, ఈసారి కందాయం ఎగ్గొట్టండి, ఢిల్లీకి బుద్ధొస్తుంది!"

బావా, మొన్న మారతహళ్లిలో తిన్న బిర్యానీ బిల్లు జేబులోనే ఉంటే తియ్యి. సీజీఎస్టీ రెండున్నర శాతం, కింద ఎస్‌జీఎస్టీ రెండున్నర. ఆ కింది లైను ఎవరిదనుకున్నావ్? రాష్ట్రానిది!

పెట్రోలు మీద రాష్ట్రం అమ్మకపు పన్ను విడిగా గుంజుతుంది. మందు మీద ఎక్సైజూ రాష్ట్రానిదే. ఆ సంగతి నీకు చెప్పాలా!

పదమూడు లెక్కకొద్దాం. దేశమంతా అమ్ముకునే కంపెనీ ఇక్కడ ఆఫీసు పెట్టి పన్ను కడితే అదంతా కర్ణాటక వసూలు కిందే పడుతుంది. అందుకే వంద అంత లావుగా కనిపిస్తుంది. అయినా ఇక్కడ మాత్రం మెసేజి రాసినాయన కోపం న్యాయమే. కేంద్రం రాష్ట్రాలకు పంచే పన్నుల్లో కర్ణాటక వాటా, ఈ పంపకం తేల్చే ఆర్థిక సంఘాల్లో 14వది ఇచ్చిన 4.713 శాతం నుంచి, 15వ సంఘం కాలంలో (2021-26) 3.647కి పడిపోయింది. పైగా సెస్సులు, సర్‌చార్జీలు ఆ పంపకంలోకే రావు. ఎంత వసూలైనా కేంద్రం దగ్గరే. గట్టిగా అడగాల్సిందే.

అడగాల్సింది ఢిల్లీని. మరి కందాయం ఎగ్గొడితే ఎవరికి బుద్ధొస్తుందట? ఆ డబ్బు విధానసౌధకే (రాష్ట్ర ప్రభుత్వానికే) పోదు, ఇక ఢిల్లీ దాకా ఏం పోతుంది? నగరపాలక సంస్థ సొంతంగా వసూలు చేసుకునే పెద్ద ఆదాయం అదే. మీ వీధి చెత్తబండికీ, కాలువ పూడికకీ, దీపానికీ అందులోంచి కూడా తియ్యాలి. పక్కింటోడి మీద కోపంతో మన బావిలో మన్ను పోసుకుంటామా? కట్టకపోతే బకాయి మీద వడ్డీ పడుతుంది, రేపు ఇల్లు అమ్మబోతే ఖాతా (నగరపాలక సంస్థ ఆస్తి రికార్డు) దగ్గర పని ఆగుతుంది. అప్పుడు ఆర్థిక మంత్రి వచ్చి నీ తరఫున క్యూలో నిలబడతారా?

"కడితే మాత్రం మురుగు ఆగిందా?" అంటావు. ఆగలేదు. మా సందులో వానొస్తే ఇప్పటికీ చెప్పులు చేతబట్టుకునే నడక. నిలదీద్దామంటే ఇన్నాళ్లూ కార్పొరేటరే లేడు: పాలకమండలి గడువు 2020 సెప్టెంబరులో తీరాక ఏళ్లకేళ్లు ఎన్నికలే పెట్టలేదు. దీనికి నా దగ్గరా జవాబు లేదు, బావా.

ఏప్రిల్లో మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గింపు. ఈ మెసేజి మా గ్రూపులో మొదట పెట్టిన పెద్దమనిషి మొదటి వారంలోనే కట్టేశాడట. వాళ్లావిడే లిఫ్టులో చెప్పింది.